నాలుగు తలుపుల మోత

ఆ వానాకాలం మా మరిది మా ఆయన కారుకున్న నాలుగు తలుపులూ విప్పించి కొత్త స్పీకర్లు పెట్టించాడు. పెట్టించి ఊరుకుంటే నాకీ కథ రాసే పనే ఉండేది కాదు. ఊరుకోవడం అనేది మా మరిదికి ఎవరూ నేర్పలేదు.

ముందు కారు సంగతి చెప్తాను. అది మా పెళ్లికంటే రెండేళ్లు పెద్దది. బూడిదరంగు. పక్కన ఏ బండి తెచ్చి నిలబెట్టినా ఆ బండే అందంగా కనిపిస్తుంది. కానీ మా షాపుకి బోర్డుకంటే అదే ముఖ్యం. మా ఆయనా నేనూ కార్లకి సీటు కవర్లు కుట్టేవాళ్లం. ఇరవై రెండేళ్లు, ఒకే షట్టరు కింద, రెండు మిషన్ల మీద. బేరానికి ఎవరైనా వస్తే మా ఆయన రెక్సిన్ ముక్కలు పరిచి చూపించేవాడు కాదు, గొప్పలు చెప్పేవాడు కాదు. తన కారు తలుపు తీసి, "ఒక్క నిమిషం కూర్చోండి. మాట్లాడకండి" అనేవాడు. తలుపు వేసేసేవాడు. అంతే.

మా వీధిలో ఒక పక్క రేకుల షెడ్డు, అందులో పొద్దుట్నుంచీ సొట్టలు తీసే సుత్తి దెబ్బలు. ఎదురుగా పంక్చర్ల కొట్టు, గాలి నింపే మిషను హోరు. మధ్యలో లారీలు. ఆ తలుపు పడగానే వీధంతటి మీదా ఎవరో దుప్పటి కప్పినట్టు అణిగిపోయేది. నిమిషం అయ్యాక ఆ మనిషి దిగి, ఆ తలుపుని ఒకసారి అరచేత్తో తడిమి, "మా బండి కూడా ఇలా చేసిపెట్టండి" అనేవాడు.

అందులో మాయేం లేదు. తలుపు రేకుకి లోపలివైపు మా ఆయన మందపాటి ఫెల్టు అంటించాడు. దాని మీద నీళ్లు లోపలికి రాకుండా ప్లాస్టిక్ షీటు. దాని మీద ఫోము వేసి మెరూన్ రెక్సిన్ తొడిగిన అట్ట, రెండు వరసల కుట్టు. ఆ అట్టని మేము డోర్ ప్యాడ్ అంటాం. తలుపు వేస్తే ఖణేలుమనదు. పరుపు మీద దిండు పడినట్టు ధబ్బుమంటుంది. సీట్లు కూడా ఆయన ఒక్కడే కుట్టుకున్నాడు, నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. "నీ కుట్టు నాకంటే బాగుంటుంది. అది బయటివాళ్లకి తెలిస్తే నా పరువేం కాను?" అనేవాడు. ఆ ఒక్క మాటతో ఇరవై రెండేళ్లూ నన్ను వెనక మిషను మీదే కూర్చోబెట్టాడు. మంచివాడే. మంచివాళ్లలో తెలివిగలవాడు.

ఎండలు తగ్గే రోజుల్లో ఆయన పోయాడు. మొదటి వాన పడేసరికి కారు తాళం మా మరిది జేబులో ఉంది. ఎవరిచ్చారంటే ఎవరూ ఇవ్వలేదు. ఎవరైనా ఇచ్చి ఉంటే వాళ్లని అడిగి వెనక్కి తీసుకునేదాన్ని.

మా మరిదికి నలభై రెండేళ్లు. అప్పటికి నాలుగు వ్యాపారాలు చేశాడు. చేపల తొట్లు, మంచినీళ్ల ఫిల్టర్లు, ఫోన్ల కవర్లు, ఇంకా నడుముకి కట్టుకుంటే పొట్ట తగ్గే పట్టీలు. ప్రతి వ్యాపారానికీ ముందు విజిటింగ్ కార్డులు వచ్చేవి, తర్వాత సరుకు వచ్చేది, ఆ తర్వాత ఎవరూ వచ్చేవారు కాదు. ఆ పట్టీలు ఇప్పటికీ షాపు పక్కనే ఉన్న మా ఇంటి మేడమెట్ల కింద ఉన్నాయి. ఒకటి అతనే కట్టుకుని తిరిగాడు కొన్నాళ్లు. పట్టీ తెగింది.

ఈ అయిదో వ్యాపారానికి అతనికి ఒక గురువు దొరికాడు. కార్లకి స్పీకర్లు బిగిస్తాడట. ప్రతి మాటకీ గుండెల మీద చెయ్యి వేసుకుని, "ఇక్కడ దడదడలాడాలి బాస్" అనేవాడు. మా తోడికోడలూ నేనూ అతనికి దడదడ అని పేరు పెట్టుకున్నాం. అసలు పేరు నాకు ఇప్పటికీ అక్కర్లేదు.

"సీటు కవర్ల కాలం పోయింది వదినా" అన్నాడు మా మరిది, నా మిషను మీద మోచెయ్యి ఆనించి. "కొత్త కార్లకి కంపెనీవాడే తోలు సీట్లిచ్చి పంపిస్తున్నాడు. ఇప్పుడు జనానికి కావల్సింది సౌండు. మన కారుకే ముందు బిగిద్దాం. అందరూ వచ్చి వింటారు."

"ఎవరు, అందరూ?"

"అందరూ అంటే అందరూ."

చేపల తొట్లప్పుడు రావాల్సినవాళ్లు కూడా వీళ్లే.

"మరి నా మిషను?"

"ఇంటి వెనక వరండాలో వేయిస్తా. ఎండ తగలదు, వాన తగలదు. హాయిగా కూర్చుని కుట్టుకో. నీకెందుకు ఈ వీధిలో దుమ్ము?"

అసలు సంగతి ఏమిటంటే, ఆ వానాకాలం చివరికి షాపు అద్దె కాగితం గడువు తీరిపోతుంది. ఆ వరసలో ఆరు షాపులూ ఒకావిడవే. ఆస్పత్రిలో నర్సులందరి మీదా పెద్దగా చేసి రిటైరైంది, అందరం మేడమ్ అంటాం. మా ఆయన పోయాక వచ్చి, "గడువు తీరే రోజు వస్తాను. అప్పటికి ఇక్కడ ఏ పని నడుస్తుంటే ఆ పని చేసేవాళ్ల పేరున రాస్తాను" అని చెప్పి వెళ్లింది. ఆ షట్టరు కింద నా మిషను ఉంటే నేను పనిచేసుకునే మనిషిని. అది వరండాలోకి పోతే మా మరిది ఇంట్లో మూలగదిలో పడుండే వదినని. ఆ తేడా నాకు తెలుసు. అతనికీ తెలుసు, అందుకే దుమ్ము గురించి అంత ప్రేమగా మాట్లాడాడు.

దడదడ ఒక పొద్దున స్క్రూడ్రైవరు పట్టుకుని కారు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ప్యాడ్ కింద చెయ్యి పోనిచ్చి ఒక్కో క్లిప్పూ వదులు చేస్తూ లాగాలి. ఇతను స్క్రూడ్రైవరు గుచ్చి పీకాడు. క్లిప్పులు టపటపా విరుగుతున్నాయి. లోపల ఉన్న పాత స్పీకరు బయటికి తీసి అరచేతిలో ఎగరేశాడు.

"దీన్ని స్పీకరంటారా బాస్? ఇది దోమ."

మా మరిది పొట్ట ఊగేలా నవ్వాడు. కొత్త స్పీకరు వెనక ఉండే అయస్కాంతం మా ఇంట్లో పెరుగు గిన్నెంత ఉంది. అది పట్టాలంటే లోపల చోటు కావాలి. దడదడ ఫెల్టు పట్టుకుని గుంజాడు.

"ఇదేంటిది, గొంగళా? మీ కారుకి జలుబు చేసిందా బాస్?"

నాలుగు తలుపుల ఫెల్టూ వచ్చి కాలవ గట్టున పడింది. తర్వాత ప్లాస్టిక్ షీటు పట్టుకున్నాడు.

"ఆ షీటు తీయకండి" అన్నాను. "అద్దం పక్కనుంచి తలుపులోకి నీళ్లు దిగుతాయి. ఏ కారుకైనా దిగుతాయి, అది తప్పు కాదు. ఆ షీటు ఉంటే కింద కన్నాల్లోంచి రోడ్డు మీదికి పోతాయి. లేకపోతే కాళ్ల దగ్గరికి వస్తాయి."

దడదడ నా వైపు చూడలేదు. మా మరిది వైపు చూశాడు.

"మీ వదినగారు ఇంజనీరా బాస్?"

"సూదికి" అన్నాడు మా మరిది.

ఇద్దరూ మళ్లీ నవ్వుకున్నారు. షీటు పరపరా చిరిగింది. ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పడానికి నోరు రాక కాదు. అలాంటివాళ్లకి రెండోసారి చెప్పడం నాకు నామోషీ అనిపించింది. ఫెల్టు ముక్కలు ఏరుకొచ్చి, దులిపి, నా మిషను కింద పెట్టుకున్నాను.

మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు మా తోడికోడలు నాకు చదువు చెప్పేది. నాకప్పటికి నలభై ఎనిమిదేళ్లు. టేపు మీద అంకెలు వచ్చు గానీ అక్షరాలు రావు. నల్ల రెక్సిన్ ముక్క తిరగేసి, కొలతలు గీసే చాక్‌తో రాసేవాళ్లం. చదవడం అయ్యాక అరచేత్తో తుడిచేసేవాళ్లం. మగవాళ్లకి ఈ సంగతి తెలియదు. చెప్పాల్సినంత గొప్పవాళ్లు కారని నేనూ చెప్పలేదు.

మా తోడికోడలు నెమ్మది మనిషి. మొగుడి ముందు ఒక వాక్యం మొదలుపెడితే సగంలో ఆపి, మిగతాది అతన్ని పూర్తి చేసుకోమనేది. చదువు చెప్పేటప్పుడు మాత్రం చివరిదాకా మాట్లాడేది. సూది, దారం, గుండీ అయ్యాయి. కత్తెర వస్తుందనుకుంటుంటే ఒకరోజు "సౌండ్" అని రాసింది.

"ఇదెందుకే నాకు? కత్తెర చెప్పు."

"కత్తెర తర్వాత అక్కా. కష్టమైనవి వస్తే సులువువి వాటంతటవే వస్తాయి."

మర్నాడు "ప్యాలెస్". ఆ మర్నాడు "ప్రొప్రయిటర్". దానికి నాకు మూడు మధ్యాహ్నాలు పట్టాయి.

"ఎవడే వీడు, ఇన్ని వంకర్లు తిరిగి ఉన్నాడు?"

"షాపు యజమాని అని అక్కా."

"అలాగే అనొచ్చుగా?"

"అలా అంటే గొప్పగా ఉండదు" అంది, చాక్ ముక్క వేళ్ల మధ్య తిప్పుతూ. ఆ రోజు నేను తుడవకముందే తనే గబగబా తుడిచేసింది. పిల్ల కంగారుపడుతోందనుకున్నాను గానీ ఎందుకో ఆలోచించలేదు.

స్పీకర్లు బిగించడం అయింది. పాట పెట్టారు. పాట అనడం నా మర్యాద. మొదటి దెబ్బకే అద్దాలు గిలగిల్లాడాయి. సిగరెట్టు బూడిద డబ్బా మూత తెరుచుకుని మూసుకుంటోంది. వెనక నంబరు ప్లేటు పళ్లు కొరుకుతోంది. పాతికేళ్ల కారులో వదులు కాని బోల్టు ఉంటుందా? మా ఆయన వాటన్నిటి నోళ్లూ ఫెల్టుతో మూసి ఉంచాడు, వీళ్లు తెరిచారు. ఇంత రభసలోనూ గుండెలు దడదడలాడాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. పాట గొంతు వినిపిస్తోంది, డ్రమ్ము పడాల్సిన చోట బోలుగా ఉంది.

"పవర్ చాలట్లేదు బాస్" అన్నాడు దడదడ.

వారం తర్వాత పవర్ కోసం సీటు కింద ఒక ఇనప పెట్టె వచ్చింది. బోలు అలాగే ఉంది, గిలగిల రెట్టింపైంది. ఇంకో వారానికి డిక్కీలో ట్రంకుపెట్టెంత ఊఫర్ డబ్బా వచ్చింది. దాంతో డ్రమ్ము కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు కళ్లార్పడం మొదలుపెట్టాయి, వైపర్లు సగం దాకా వచ్చి ఆలోచనలో పడేవి. మా మరిది ముందు సీట్లో కూర్చుని కళ్లు మూసుకుని తల ఊపేవాడు. బాగుందని ఊపేవాడో, కారే అతని తల ఊపేదో చెప్పలేను.

పక్క షెడ్డులో సొట్టలు తీసేవాడు సుత్తి చేత్తో పట్టుకునే వచ్చాడు.

"వదినగారూ, నాకు పోటీ పెట్టారా? పొద్దుట్నుంచీ నేను కొట్టింది నాకే వినపడట్లేదు."

"నీది పని. అది సంగీతం" అన్నాను.

"పోన్లెండి. ఎప్పుడో ఒకప్పుడు బాగవుతుంది."

"కారా, మా మరిదా?"

అతను తన షెడ్డు దాకా నవ్వుకుంటూ పోయాడు.

అప్పుడు ముసురు పట్టింది. మూడు రోజులు తెరిపి లేదు. ఆ మూడు రోజులూ కారు షాపు ముందే తడుస్తూ ఉంది, నేను మిషను మీద కూర్చుని దాన్ని చూస్తూనే ఉన్నాను. టార్పాలిన్ నా వెనకే, అటకమీద ఉంది. లేచి కప్పితే అయిపోయేది. కప్పితే వాళ్ల తప్పుని నేను కప్పినట్టవుతుందనుకున్నాను. తడవనీ, బుద్ధొస్తుంది అనుకున్నాను. వాళ్లకి బుద్ధి రావాలని అంత ఆశపడ్డానంటే నా బుద్ధి ఎంతో మీరే చూసుకోండి.

నాలుగోరోజు తలుపు తీస్తే కాళ్ల దగ్గర చీలమండ మునిగేంత నీళ్లు. ముందు సీట్లో ఫోము అంచు నుంచి నీళ్లు పీల్చుకుంది. లోపలి ఇనప చట్రం తుప్పు రెక్సిన్ కుట్ల వెంబడి పైకి పాకింది. మెరూన్ మీద నల్లటి చార, జానెడు పొడవు. మా ఆయన చేతి కుట్టు మీదుగా.

"స్పీకర్లు బాగానే ఉన్నాయి వదినా, కంగారు పడకు" అన్నాడు మా మరిది.

నేను స్పీకర్ల గురించి కంగారు పడుతున్నాననుకున్నాడు. అతనితో ఏం మాట్లాడతాం?

ఇంకో వారంలో గడువనగా కొత్త బోర్డు వచ్చింది. కాగితం చుట్టి, తాడు కట్టి ఉంది. మా మరిదీ దడదడా కలిసి దింపి, గోడకి ఆనించి కాగితం చించారు. పసుపు మీద ఎర్రటి అక్షరాలు, ఒక్కొక్కటీ మూరెడు.

"ఏం రాయించావయ్యా?" అన్నాను.

"ఏముంది వదినా, మన షాపు పేరే. రంగులు కొత్తవి, అంతే" అన్నాడు, నా మొహంలోకి చూస్తూనే.

నేను బోర్డు వైపు చూశాను. మొదటి మాట నాకు తెలుసు. రెండోదీ తెలుసు. కింద చిన్న అక్షరాల్లో వంకరటింకరగా మూడు మధ్యాహ్నాలు నా ప్రాణం తీసినవాడు కూర్చుని ఉన్నాడు. వాడి పక్కన మా మరిది పేరు, దాని పక్కన ఇంకో పేరు. అది దడదడ అసలు పేరై ఉండాలి. సీట్లని గానీ కవర్లని గానీ ఎక్కడా లేదు. కూడబలుక్కుంటూ రెండుసార్లు చూశాను. తప్పు చదివానేమోనని.

"రంగు బాగుంది" అన్నాను.

మా తోడికోడలు మెట్ల మీద నిలబడి ఉంది. నన్ను చూడకుండా నా కాళ్ల వైపు చూస్తోంది. నేను లోపలికెళ్లి, మిషనులో దారం అయిపోకపోయినా మార్చాను.

ఆ రోజు నుంచి నాకు చదవడం మీద కసి పుట్టింది. కనిపించిన ప్రతిదీ చదివాను. మందు సీసా, సబ్బు కాగితం, లారీల వెనకాల రాతలు. చదువుతూ చదువుతూ మేడమెట్ల కింద పట్టీల పక్కన పడేసిన స్పీకర్ల అట్టపెట్టెల దాకా వచ్చాను. ఒక్కో పెట్టెలో ఒక్కో కాగితం, మడత విప్పలేదు. ఒకదాంతో దడదడ చేతి గ్రీజు తుడుచుకున్నాడు. అంతే వాళ్ల చదువు. ఆ కాగితంలో పది భాషలున్నాయి, చీమ తలకాయంత అక్షరాల్లో మనదీ ఉంది. వేలు పెట్టుకుని చదివాను. ఒక పొద్దు పట్టింది.

మూడో లైను దగ్గర ఆగిపోయాను. "తలుపు లోపల ఉండే నీటి షీటును తొలగించరాదు." నేనన్న మాటే. ఏ మాటకి నన్ను సూదికి ఇంజనీరన్నారో ఆ మాట. ఎవడో నాకు తెలియని ఊళ్లో దాన్ని అచ్చు వేసి, పెట్టెలో పెట్టి, వీళ్ల చేతికే పంపించాడు.

మా తోడికోడల్ని పిలిచి ఆ లైను మీద వేలు పెట్టాను. చదివి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తేలలేదు.

"ఆ మూడు మాటలూ ముందే ఎందుకు నేర్పావు నాకు?" అని అడిగాను.

"నేను చెప్పలేను కదక్కా" అంది. "చదువుకుంటే నీకే తెలుస్తుంది కదా అని."

దాని మీద మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు.

కాగితంలో ఇంకో సంగతి ఉంది. స్పీకరుకి రెండు తీగలు. ఒకదాని మీద ఎర్ర గీత ఉంటుంది, అది కూడిక గుర్తున్న చోట తగిలించాలి. నాలుగూ అలాగే ఉంటే నాలుగూ ఒక్కసారి ముందుకి నెడతాయి. ఒకటి తిరగబడితే ఒకటి నెట్టేటప్పుడు ఇంకొకటి లాక్కుంటుంది. బట్టకి మంచి వైపు, తిరగ వైపు లేదూ, అలాగే. ఆ వైపు సంగతి చూసుకోకుండా కుట్టేవాణ్ని మేము షాపులో ఒక్క రోజు ఉంచుకోం. మా కారులో రెండు తలుపులు కుడుతుంటే రెండు తలుపులు విప్పుతున్నాయి. దానికి వీళ్లు ఇనప పెట్టెలూ ట్రంకుపెట్టెలూ తెచ్చి పోశారు.

గడువుకి మూడు రోజులుందనగా మగవాళ్లిద్దరూ ఇంకా పెద్ద డబ్బా తేవడానికి దూరంగా ఉన్న పట్నం వెళ్లారు. బస్సులో వెళ్లారు, కారు బ్యాటరీ అప్పటికే చచ్చింది. మా తోడికోడలు గోడకి తగిలించి ఉన్న మొగుడి చొక్కా జేబులోంచి తాళం తీసి, నా చేతికివ్వకుండా, మిషను మీద పెట్టి పోయింది.

నిజం చెప్పాలంటే వదిలేద్దామనే అనుకున్నాను. మేడమ్ వస్తుంది, ఆ మోత వింటుంది, వీళ్ల పరువు వీధిన పడుతుంది, నేను మిషను మీద కూర్చుని చూస్తాను. ఎంత సుఖంగా ఉందో ఆ ఆలోచన. కానీ ముసురు పట్టినప్పుడు కూడా ఇలాగే సుఖంగా కూర్చుని చూశాను. నల్లచార ఎదురుగానే ఉంది.

ప్యాడ్లు విప్పాను, ఒక్క క్లిప్పు విరక్కుండా. ఫెల్టుకి చోటు చాలదని కదా వాళ్ల బాధ? అయస్కాంతం మేర గుండ్రంగా కత్తిరించి, అంచు చుట్టూ కుట్టు వేశాను. చాలింది. కొలత తీసుకుంటే ఎవరికైనా చాలుతుంది. కొత్త షీటు కోసి, స్పీకరు వెనక్కి సంచిలా మలిచి అంటించాను. గోడ గడియారంలోంచి సెల్లు తీసి, కాగితంలో చెప్పినట్టు తీగలకి తాకించాను. మా తోడికోడలు స్పీకరు మీద కళ్లు పెట్టుకుని, "బయటికి... బయటికి... అక్కా, ఇది లోపలికి" అని చెప్పింది. రెండు లోపలికి దొరికాయి. తిప్పి తగిలించాను. ఇదంతా కలిపి రెండు మధ్యాహ్నాల పని.

మేడమ్ వచ్చిన పొద్దుటే మగవాళ్లూ దిగారు. తెచ్చిన డబ్బా డిక్కీలో పట్టలేదు, కొలత తీసుకెళ్లలేదు కాబట్టి. దాన్ని రోడ్డు మీద పెట్టి దాని మీద తువ్వాలు కప్పారు. పంక్చర్ల కొట్టువాడు బ్యాటరీ చార్జి చేసి తెచ్చాడు. మేడమ్ ముందు సీట్లో కూర్చుంది. మా మరిది పాట పెట్టాడు.

డ్రమ్ము పడింది. మెత్తగా, నిండుగా, ఎక్కడ పడాలో అక్కడ. అద్దం కదల్లేదు. మా మరిది నోరెళ్లబెట్టి దడదడని చూశాడు. దడదడ ఒక్క క్షణం తెల్లమొహం వేసి, వెంటనే గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

"చూశారా మేడమ్? స్పీకర్లు నాలుగు వారాలు పాడాక గొంతు విచ్చుకుంటాయి. నేను ముందే చెప్పాను."

"బాగుంది. ఆపెయ్యి" అంది మేడమ్.

మా మరిది ఆపాడు. ఆవిడ అతన్ని దిగమని, తలుపు తనే లాక్కుంది. ధబ్బుమంది. లోపల ఒక్కత్తే కూర్చుంది. పక్కన సుత్తి, ఎదురుగా గాలి మిషను, ఒక లారీ. ఎవరూ చెప్పకుండానే నిమిషం ఉంది. ఇంకాస్త ఉంది. దిగి, "తలుపుల్లో ఏం పెట్టారు?" అని అడిగింది.

"నా స్పెషల్ ఫిట్టింగ్ మేడమ్" అన్నాడు దడదడ.

"విప్పి చూపించు. నా బండికీ కావాలి."

అతను ఉత్సాహంగా స్క్రూడ్రైవరు గుచ్చాడు. ప్యాడ్ ఊడొచ్చింది. లోపల చూసి, ఆలోచించుకోకుండా నోరు జారాడు.

"ఛీ, మళ్లీ ఈ గొంగళి ఎవరు పెట్టారు?"

మేడమ్ ఫెల్టు అంచున ఉన్న కుట్టు మీద వేలు పోనిచ్చింది.

"మేడమ్, అది... మా వదిన ఊరికే..." అన్నాడు మా మరిది.

"అక్క పెట్టింది" అంది మా తోడికోడలు మెట్ల మీంచి. "మీరు కాలవ గట్టున పారేసిందే, అక్క ఏరి తెచ్చి పెట్టింది. తీగలు కూడా అక్కే తిప్పింది." మొగుడి ముందు వాక్యం చివరిదాకా వెళ్లడం అదే మొదటిసారి. ఆఖరికి తనే భయపడి రైలింగు పట్టుకుంది.

మేడమ్ గోడకి ఆనించిన బోర్డు చూసింది, నన్ను చూసింది. "ఇదేమిటి మరి?"

"ఇంకా ఎక్కించలేదు మేడమ్" అన్నాను. "సౌండ్ ప్యాలెస్ అని ఉంది. కింద ప్రొప్రయిటర్లు ఇద్దరున్నారు. నేను లేను."

మా మరిది మొహం చూడాల్సింది. "వదినా, నీకు చదవడం..." అని, అక్కడే ఆగిపోయాడు. సగం వాక్యాలు ఆ ఇంట్లో ఆ రోజు నుంచి అతని వంతు.

మేడమ్ సంచిలోంచి అద్దె కాగితం తీసి నా మిషను మీద పరిచింది. "సంతకం పెడతావా?"

"పెడతాను. కాస్త ఆలస్యమవుతుంది."

"నాకేం తొందర లేదు" అని స్టూలు లాక్కుని కూర్చుంది.

దడదడ ఆ వారంలోనే వేరే బాస్‌ని వెతుక్కున్నాడు. ఆ బోర్డు మంచి రేకు, పారేయబుద్ధి కాలేదు. తిరగేసి, వెనక షాపు పేరు నా చేత్తో నేనే రాశాను. అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, అయినా చదివినవాళ్లకి ఏం దొరుకుతుందో తెలుస్తుంది. మా మరిది ఇప్పుడు నా షాపులోనే స్పీకర్లు బిగిస్తాడు. తలుపు నేను విప్పాలి, నేను మూయాలి. మధ్యలో రెండు తీగలు అతనివి, ఎర్ర గీత చూసుకుని.

బేరానికి వచ్చినవాళ్లని ఇప్పటికీ కారులోనే ఒక నిమిషం కూర్చోబెడతాను. ముందు సీటు మీద కొత్త కవరు కుట్టలేదు. కుట్టడం నాకు అరగంట పని. దిగిన ప్రతివాళ్లూ ఆ నల్లచార ఏమిటని అడుగుతారు.

"ఒకసారే చెప్పి ఊరుకున్న మాట" అంటాను.

వాళ్లకి అర్థం కాదు. మా మరిదికి అర్థమవుతుంది. గబగబా వెళ్లి పాట పెడతాడు.